కాలవలు తవ్వినవాడు

అకిల్ దీవిలో వాన పక్కవాటుగా కురుస్తుంది.
గొడుగు పట్టుకొచ్చినవాణ్ణి చూసి
ఊరికి కొత్తని గుర్తుపడతాం.
మాకు ఆకులున్నాయి.
ఒక్క ఆకు కింద దూడ నిలబడుతుంది,
దూడ పక్కన నేను,
నా పక్కన ఇంకా చోటు.

రూబార్బ్ అంటారు మావాళ్ళు. కాదు.
రూబార్బ్ అయితే పంచదార వేసి ఉడికించి
ఆదివారాలు తినేవాళ్ళం.
దీని కాడ నిండా ముళ్ళు,
ఆకు అడుగున పిల్లినాలుక గరుకు.
పుట్టిల్లు చిలీ.
అక్కడ కాడ చెక్కి ఉప్పద్దుకుని తింటారట.
మా గొర్రెలు లేతప్పుడు కొరికి చూసి
ముదిరాక మొహం తిప్పుకుంటాయి.

పెళ్ళయిన ఏడు అట్రాక్టా కిల్‌బేన్
దొరల తోటలోంచి ఓ దుంపముక్క అడిగి తెచ్చుకుంది,
తడి పేపర్లో చుట్టి, సైకిల్ బుట్టలో పెట్టి.
గాలికి అడ్డుంటుందని కొట్టం వెనక నాటింది.
కోళ్ళు దాని నీడన గుడ్లు పెట్టాయి.
"రెండేళ్ళు బతికితే గొప్పనుకున్నాను ఫెస్టీ,
ఏకై వచ్చింది, మేకై కూచుంది,"
అంటుంది ఇప్పుడు, తొంభై దగ్గరపడ్డ గొంతుతో,
కొంచెం గర్వంగానే.

దీనికి ఎరువక్కర్లేదు.
కాడ మొదట్లో చిన్న చిన్న గ్రంథులు,
వాటిలో నీలిపచ్చ నాచు కాపురం.
గాలిలో నత్రజని పట్టి వండిపెడుతుంది.
వంటమనిషిని వెంటబెట్టుకొచ్చిన చుట్టం ఇది,
వట్టి పీట్ నేలలోనూ విందే.

కౌన్సిల్ తరఫున క్లియొనా వచ్చింది.
ఒక కంకి కోసి కాగితం మీద దులిపింది,
ఇద్దరం గింజలు లెక్కపెట్టాం.
పదకొండు వందల దగ్గర నేను వదిలేశాను.
ఆమె వదల్లేదు.
సాయంత్రానికి తలెత్తి, చెట్టుకి లక్షలు, అంది,
పక్షులు మోస్తాయి, అంది.

మర్నాడు వ్యాన్ బానెట్ మీద మ్యాప్ పరిచింది.
ఎర్ర చుక్కలు.
పక్షులే అయితే చెల్లాచెదరుగా ఉండాలి కదా,
ఇవేమిటి, కుట్టుమిషన్ మీద కుట్టినట్టు
రోడ్డు వెంట, కాలవ వెంట?

నేను వాన వంక చూశాను.
ఆ కుట్టు నాకు తెలుసు.
డూగర్ట్ వంతెన, ఎనభై తొమ్మిది.
కీల్ బడి వెనక, తొంభై రెండు,
ఆ ఏడే నా ముందు పన్ను ఊడింది.
డూయా మలుపు దగ్గర మూడు వారాలు,
అన్ని రోజులూ వాన.
ఇరవై ఆరేళ్ళు డిగ్గర్ తోలాను,
ఈ దీవి కాలవలన్నీ పూడిక తీశాను,
బకెట్ పళ్ళ సందుల్లో దుంపముక్కలతో
ఒక కాలవ నుంచి ఇంకో కాలవకి.
కడగలేదు.
కడగడానికి వానుంది కదా.

తెలియక నాటినప్పుడు గంటకింత ఇచ్చారు.
తెలిసి చంపుతున్నందుకు గంటకింత ఇస్తున్నారు.
రేటు మాత్రం పెరిగింది.

కాడలు నరుకుతాను,
కోసిన మొదలు మీద బ్రష్‌తో మందు పూస్తాను.
పూసిందేదో తెలియాలని మందులో నీలంరంగు.
రాత్రి అన్నం దగ్గర కూడా
నా వేళ్ళు నీలంగానే ఉంటాయి.

అట్రాక్టా పెరట్లోది మిగిలింది.
కుర్చీ వేసుకుని, టీ కప్పు ఒళ్ళో పెట్టుకుని,
"దాన్ని చివరికి ఉంచు," అంది.
మూడేళ్ళుగా చివరికే ఉంచుతున్నాను.
కంకులు మాత్రం కోయనిస్తుంది,
సంచి మూతి తనే ముడేస్తుంది, రెండు ముళ్ళు.

నవంబరులో ఆకులు కూలిపోతాయి,
తడిసిన దుప్పట్లలా నల్లగా.
ఎత్తి చూస్తే కింద ఒక్క గడ్డిపోచ లేదు.
తోలు వలిచినట్టున్న నేలని
వాన కొంచెం కొంచెంగా సముద్రానికి మోస్తుంది.
నడుమ పిడికిలంత మొగ్గ,
గులాబిరంగు పొలుసులు కప్పుకుని,
తొందరేమీ లేకుండా.

క్లియొనాకి ఆ కాలవల సంగతి ఇంకా చెప్పలేదు.
నిన్న రాత్రి బూట్లు విప్పుతుంటే
అడుగు గాడిలో గోరంత ఎర్రముక్క.
దబ్బనంతో తీశాను.
పొయ్యిలో వేశాను. చిటపటమంది.
రెండో బూటు చేతిలోకి తీసుకుని
దీపం దగ్గరికి జరిగాను.